అచ్చు మళ్లీ తీయండి

మా బావకు పని దగ్గర పెట్టిన పేరు పళ్ల మేస్త్రి. కట్టుడు పళ్లు, పంటి తొడుగులు చేసే చిన్న ల్యాబులో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్నాడు. డాక్టర్లు నోట్లోంచి తీసిన అచ్చులను డబ్బాల్లో పెట్టి పంపుతారు. మేము వాటిలో ప్లాస్టర్ పోసి, ఆ ప్లాస్టర్ పళ్ల మీద మైనంతోనో ప్లాస్టిక్‌తోనో పనిచేసి తిరిగి పంపుతాం. నేను ఆయన భార్యకు తమ్ముణ్ని. నాకు ఈ పని నేర్పింది ఆయనే, ఆరేళ్లుగా ఆయన పక్క బల్ల నాది. ఇంట్లో సంగతి అక్క చెప్పింది, పనిలో సంగతి నేను చూసింది, రెండూ కలిపి చెబుతున్నాను. మధ్యలో నాకు కోపం వస్తే తప్పు పట్టకండి. ఆయన పక్కన ఆరేళ్లు కూర్చుంటే మీకూ వస్తుంది.

ఆయనకు కుదురన్నది లేదు. కూర్చుంటే మోకాలు ఆడిస్తాడు, లేస్తే కాలుగాలిన పిల్లిలా గది చుట్టూ తిరుగుతాడు. తలకు టోపీ పెట్టినా ఐదు నిమిషాలు ఉంచుకోడు. అచ్చు చేతికొచ్చినప్పుడు మాత్రం వేరే మనిషి. దీపం కిందపెట్టి అటు తిప్పి ఇటు తిప్పి చూస్తాడు. ఎక్కడైనా గాలి బుడగ ఉన్నా, అంచు సాగినా ఇక ఆ పని ముట్టుకోడు. తెల్ల చీటీ మీద ‘అచ్చు మళ్లీ తీయండి’ అని రాసి, డబ్బాకు రబ్బరు బ్యాండు వేసి తిప్పి పంపేస్తాడు. పెద్ద డాక్టరా చిన్న డాక్టరా అన్న తేడా లేదు. ఎదురు వీధిలో ఈమధ్యే క్లినిక్ పెట్టిన డాక్టరమ్మకు ఒకే నెలలో మూడుసార్లు పంపాడు.

ఆమె ఫోన్ చేసింది. "ఏం మేస్త్రిగారూ, నా మీద పగబట్టారా?"

"పగేం లేదమ్మా. అచ్చు తప్పైతే దాని మీద కట్టిందంతా తప్పే. అంతే."

నిద్ర సుఖమెరగదంటారు. మా బావ నిద్ర పక్కవాళ్ల సుఖం కూడా ఎరగదు. ఆ గురక వీధి గుమ్మం దాకా వినిపిస్తుంది. గురకతో పోయేదైతే అక్క చెవుల్లో దూది పెట్టుకుని ఊరుకునేది. కానీ అది సాగి సాగి ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఛాతీ ఎగిరిపడుతూనే ఉంటుంది, గాలి మాత్రం లోపలికి పోదు. అక్క ఒకటి, రెండు అని లెక్కపెడుతుంది. పదిహేను దాటితే మోచేత్తో పొడుస్తుంది. ఆయన నీళ్లలోంచి పైకొచ్చినవాడిలా ఒక్కసారి గాలి పీల్చి, పక్కకు తిరిగి, మళ్లీ మొదలుపెడతాడు. తెల్లారాక ఒక్కటీ గుర్తుండదు. "రాత్రంతా హాయిగా పడుకున్నా, అయినా ఎందుకో తల దిమ్ముగా ఉంది" అంటాడు. ఇలా తొమ్మిదేళ్లు. తొమ్మిదేళ్లుగా మా అక్క మొగుణ్ని రాత్రికి ఇరవైసార్లు లేపి, పొద్దున్నే మందుల షాపుకెళ్లి రోజంతా నిలబడి పనిచేస్తోంది.

చివరికి ఒక మధ్యాహ్నం పాలిష్ చక్రం దగ్గర బావ కునికిపడ్డాడు. చేతిలో ఉన్న పైవరస కట్టుడు పళ్లు చక్రానికి తగిలి ఎగిరి, గోడకు కొట్టుకుని రెండు ముక్కలయ్యాయి. వేలు పోవాల్సింది, గోటితో పోయింది. ల్యాబు ఓనరు మంచివాడు, అరవలేదు. "మేస్త్రీ, పరీక్ష చేయించుకునేదాకా చక్రం దగ్గర కూర్చోవద్దు" అన్నాడంతే. అది తిట్టు కన్నా ఎక్కువ పనిచేసింది.

పరీక్షకు ఛాతీకి ఒక పట్టీ, వేలికి ఒక క్లిప్పు, ముక్కు దగ్గర సన్నటి గొట్టం పెట్టి ఒక రాత్రి పడుకోబెట్టారు. నిద్ర జబ్బుల డాక్టరు కాగితం చూసి చెప్పాడు.

"మీకు గంటకి ఇరవై ఏడుసార్లు ఊపిరి ఆగుతోంది. నిద్రలో గొంతు కండరాలు వదులైపోయి, నాలుక వెనక్కి జారి, గాలి వెళ్లే దారి మూసుకుపోతోంది. అలా మూసుకున్న ప్రతిసారీ మెదడు మిమ్మల్ని సగం లేపుతుంది. మీరు పడుకుంటున్నారంతే, నిద్రపోవడం లేదు. ఇలాగే వదిలేస్తే బీపీ, గుండె, అన్నీ దెబ్బతింటాయి."

మొదట ముక్కుకు మాస్కు తగిలించి గాలి ఊదే యంత్రం ఇచ్చారు. టోపీ ఉంచుకోని మనిషి మాస్కు ఉంచుకుంటాడా? పదకొండు రాత్రులు దానితో కుస్తీ పట్టి, పన్నెండో రాత్రి మంచం కిందికి తోసేశాడు. డాక్టరు విసుక్కోకుండా రెండో దారి చెప్పాడు. పై పళ్లకూ కింది పళ్లకూ తొడుక్కునే ప్లేటు ఒకటుంటుంది. రాత్రిపూట అది కింది దవడను కాస్త ముందుకు పట్టి ఉంచుతుంది. దవడతో పాటు నాలుకా ముందుకొస్తుంది, దారి తెరుచుకుంటుంది. "అయితే పళ్ల డాక్టరు చూసి, కొలిచి ఇవ్వాలి. అది పెట్టుకుని మళ్లీ ఇదే పరీక్ష చేయించుకోవాలి" అన్నాడు. మా బావ ప్లేటు అన్న మాట దగ్గరే వినడం ఆపేశాడు.

"మన ల్యాబులో ఏడాదికి పది చేస్తాం కదరా. నాకింకొకడు చేసిపెట్టాలా?" అన్నాడు మెట్లు దిగుతూ. నేనూ తల ఊపాను. ఆ తల ఊపినందుకు నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటాను.

మా పనిలో చేరినవాళ్లు ముందు తోటివాళ్ల నోట్లో అచ్చు తీసి నేర్చుకుంటారు. ఆ ప్లాస్టర్ పళ్లన్నీ పై అరలో దుమ్ముకొట్టుకుని ఉంటాయి. బావ కుర్చీ ఎక్కి తన పళ్లు దించుకున్నాడు. రెండ్రోజుల్లో ప్లేటు చేసుకుని, నోట్లో ఇరుక్కున్నచోటల్లా గీకి సరిపెట్టుకున్నాడు. దాని పక్కలకు చిన్న స్క్రూలుంటాయి, తిప్పే కొద్దీ దవడ ముందుకు జరుగుతుంది. మామూలుగా సగంలో మొదలుపెట్టి వారాల తరబడి కొంచెం కొంచెం జరపాలి. బావ మొదటి రాత్రే దాదాపు చివరిదాకా తిప్పేశాడు. సగం జరిపితే సగం గురక, మొత్తం జరిపితే మొత్తం గురక పోతుందని ఆయన లెక్క.

మూడో రాత్రికి గురక పోయింది. నిజంగానే పోయింది. ల్యాబులో బావ కాలు నేల మీద నిలవలేదు. "యంత్రం లేదు, మాస్కు లేదు, చేతిలో పనుంటే చాలు" అని వచ్చినవాడికీ పోయినవాడికీ చెప్పాడు. అయితే పొద్దున పూట దవడ పళ్లు ఒకదానితో ఒకటి కలవడం లేదని మాత్రం ఎవరికీ చెప్పలేదు. టీ తాగేటప్పుడు బిస్కెట్టు కూడా ముందు పళ్లతోనే నములుతుంటే నేను చూశాను. చెవి ముందు భాగం నొక్కుకుంటుంటే చూశాను. మామూలు పంటి నొప్పేలే అనుకున్నాను.

వారం తిరక్కుండా అక్క నాకు ఫోన్ చేసి షాపుకు రమ్మంది. వెళ్లేసరికి వెనక గదిలో అట్టపెట్టెల మీద కూర్చుని ఉంది. పొద్దున ఒక ముసలాయన బీపీ మాత్రలకు వస్తే, అదే పేరుతో నాలుగింతలు బలమున్న అట్ట ఇచ్చేసింది. ఆయన వెళ్లాక ఎక్కువ బలం మాత్రల అరలో ఒక అట్ట తగ్గడం చూసి తప్పు తెలుసుకుంది. చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తి బస్సు స్టాపులో పట్టుకుంది.

"బావ గురక పోయిందిగా అక్కా. ఇంకా నిద్ర పట్టట్లేదా?"

"పోయింది కాబట్టే పట్టట్లేదురా" అంది. "ఇన్నాళ్లూ గురక ఆగితే ఊపిరి ఆగిందని లేపేదాన్ని. ఇప్పుడు గురకే లేదు. ఊపిరి ఉందో లేదో నాకెలా తెలియాలి? రాత్రంతా ఆయన పొట్ట మీద చెయ్యేసుకుని కూర్చుంటున్నా. పొట్ట కదుల్తూనే ఉంటుంది, ముక్కు దగ్గర వేలు పెడితే గాలి తగలదు."

"బావకి చెప్పావా?"

"చప్పుడున్నా గోలే, లేకపోయినా గోలేనా అన్నారు." ముఖం తుడుచుకుంది. "నాకు నిద్ర కావాలిరా. ఆ పెద్దాయన బస్సెక్కేసుంటే ఏమయ్యేది?"

నాకు ఒళ్లు మండింది. బావ మీద కొంత, నా మీద కొంత. మర్నాడు బావ కన్నా ముందే ల్యాబుకు వెళ్లి ఆ ప్లాస్టర్ పళ్లు తిరగేసి చూశాను. అడుగున తేదీ గీసి ఉంది. పదమూడేళ్ల కిందటిది! అందులో కింది దవడ పళ్లు అన్నీ ఉన్నాయి. ఐదేళ్ల కిందట ఆ పళ్లలో ఒకటి పీకించుకోవడానికి బావను తీసుకెళ్లింది నేనే. ఆ ఖాళీలోకి పక్క పన్ను ఒరిగిపోయి ఉంటుందని ఈ పని చేసేవాడెవడైనా చెబుతాడు. ఇంకొకరి డబ్బాలో ఇలాంటి అచ్చు వస్తే బావ ఏం చేసేవాడో నాకు తెలుసు. తెల్ల చీటీ తీసుకుని ‘అచ్చు పాతది. మళ్లీ తీయండి’ అని రాశాను. రబ్బరు బ్యాండు వేసి ఆయన బల్ల మీద పెట్టాను.

బావ వచ్చి చూశాడు. "ఎవడ్రా ఇది రాసింది?"

"నేనే."

"నా పనికి నువ్వు చీటీ రాస్తావా? గురక ఆగిందిరా!"

"గురక ఆగిందా అని అక్క అడగట్లేదు బావా. ఊపిరి ఆగట్లేదు కదా అని అడుగుతోంది. ఆ మాట చెప్పే కాగితం నీ దగ్గరుందా?"

తర్వాత ముసలాయన సంగతి చెప్పాను. చెప్పులు లేకుండా పరిగెత్తిందని కూడా చెప్పాను. బావ స్టూలు మీద కూర్చున్నాడు. ఆరేళ్లలో మొదటిసారి ఆయన మోకాలు ఆడలేదు.

మధ్యాహ్నం ఇద్దరం ఎదురు వీధి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. అక్క భయం సంగతి నేనే చెప్పాను. ఆమె ప్లేటు చూసింది, నోరు చూసింది, చెవి ముందు వేలితో నొక్కింది. బావ కుర్చీలోంచి లేచినంత పని చేశాడు.

"ఇది ఎవరు చేశారు?"

బావ పైకప్పు వైపు చూశాడు. ఆమెకు అర్థమైంది. నవ్వుతుందేమో అనుకున్నాను, నవ్వలేదు.

"మేస్త్రిగారూ, దవడ ఒకేసారి ఇంత లాగితే కీలు వాచిపోతుంది, పళ్లు కూడా జరుగుతాయి. రెండు వారాలు ఇది మానేయండి. ఇంకోటి, గురక తగ్గినంత మాత్రాన ఊపిరి బాగుందని కాదు. చప్పుడు లేకుండా కూడా ఆగుతుంది. మీ ఆవిడ భయం సరైన భయమే."

"అలాగేనమ్మా" అన్నాడు బావ. ఆయన నోట ఆ మాట నేను వినడం అదే మొదలు.

"కొత్తది ఎవరు చేస్తారు?" అని నేనడిగాను.

"ఆయన తప్ప ఎవరైనా" అందామె నావైపు చూస్తూ.

ఆ రెండు వారాలూ బావ మంచం కింది యంత్రం దులిపి మళ్లీ తగిలించుకున్నాడు. తిట్టుకుంటూనే, నాలుగు గంటలకు మించి ఉంచుకోలేకపోతూనే, ఒక్క రాత్రి కూడా మానలేదు. అక్క కోసం అన్న మాట నోరు తెరిచి అనలేదు గానీ, అక్క కోసమే.

కొత్త అచ్చు తీసే రోజు నోట్లో ముద్ద పెట్టగానే బావ కదిలాడు. డాక్టరమ్మ దాన్ని దీపం కిందపెట్టి, అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. "అంచు సాగింది. ఈసారి చీటీ నేను రాయాలా?" అంది. బావ ముక్కుతో ఊపిరి పీలుస్తూ రెండోసారి రాయిలా కూర్చున్నాడు.

ప్లేటు నేను చేశాను. చేస్తున్నంతసేపూ ఆయన నా వెనకే. "అక్కడ ఎక్కువ గీకావు. ఆ అంచు నాలుకకి తగుల్తుంది." ఒకసారి పనిముట్టు కింద పడేసి లేచిపోబోయాను. అప్పుడు తగ్గాడు. సగం నుంచి మొదలుపెట్టి డాక్టరమ్మ చెప్పినట్టు వారానికోసారి కొంచెం తిప్పాం. పొద్దున్నే ఆమె ఇచ్చిన చిన్న ప్లాస్టిక్ ముక్కను పావుగంట కొరికి పట్టుకుంటే పళ్లు మళ్లీ కలిసేవి. ఎనిమిది వారాల తర్వాత ప్లేటు పెట్టుకునే మళ్లీ పట్టీ, క్లిప్పు, గొట్టం. ఆ నాలుగు రోజులు, ఫలితం వచ్చేదాకా, ల్యాబులో మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

గంటకు ఆరు. ఇరవై ఏడు పోయి ఆరు! డాక్టరు బాగుందన్నాడు, ఏడాదికోసారి చూపించుకోమన్నాడు. నేను ఆ కాగితం పట్టుకుని మందుల షాపుకు పరిగెత్తాను. అక్క దాన్ని మందుల చీటీ చదివినట్టు రెండుసార్లు చదివింది.

"ఇది గురక లెక్కా, ఊపిరి లెక్కా?"

"ఊపిరి లెక్కే అక్కా."

మడిచి పర్సులో పెట్టుకుంది. అయినా ఇంకో వారం పాటు బావ పొట్ట మీద చెయ్యి తీయలేదట. తొమ్మిదేళ్ల అలవాటు కాగితం చూసి పోదు.

ఆ తర్వాతి ఆదివారం పొద్దున పదిగంటలకు గొడుగు తిరిగివ్వడానికి వాళ్లింటికి వెళ్లాను. బెల్లు నొక్కితే మోగలేదు. తలుపు తడితే బావ సందులోంచి చూసి, నోటి మీద వేలు పెట్టి లోపలికి లాగాడు. బెల్లు తీగ ఆయనే పీకేశాడట. కొళాయి కింద చప్పుడు రాకుండా బకెట్లో గుడ్డ వేశాడు. పడకగది గుమ్మం దగ్గర స్టూలు వేసుకున్నాడు. లోపల అక్క దుప్పటి తన్నేసి, చెంప కింద చెయ్యి పెట్టుకుని, నోరు తెరిచి నిద్రపోతోంది. సన్నగా గురక కూడా పెడుతోంది.

"ఎప్పట్నుంచి?"

"రాత్రి పదింటి నుంచి."

"పన్నెండు గంటలా! బావా, లేపి చూద్దామా?"

"ముట్టుకున్నావంటే చంపుతా." గుసగుసగా అన్నాడు గానీ నిజంగానే అన్నాడు. "నలభై నిమిషాల నుంచి లెక్కపెడుతున్నా. ఊపిరి ఒక్కసారి కూడా ఆగలేదు."

ఆయన చేతిలో గడియారం ఉంది. ఆయన మీద నాకున్న కోపమంతా అక్కడ పోయింది, కళ్లు తడిశాయి, చేతిలోంచి గొడుగు జారి టపామని కిందపడింది. బావ నన్ను కొట్టేట్టు చూశాడు.

అక్క కళ్లు తెరిచింది. కిటికీలోంచి ఎండ, బావ చేతిలో గడియారం చూసి కంగారుగా మోచేతి మీద లేచింది. "టైమెంతైంది? అయ్యో, పదయిందా? నన్ను లేపలేదేం?"

"తొమ్మిదేళ్లు నువ్వు లేపావుగా" అన్నాడు బావ. "ఇక చాల్లే. పడుకో."

అక్క ఆయన్ని ఒక క్షణం చూసి, గోడ వైపు తిరిగి మళ్లీ పడుకుంది.