పిల్లల చెట్టు వంతు

"పిల్లను ఎవరు చూసుకుంటారు?"

ఈ ప్రశ్న వింటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. కాన్పుకు ముందు నేను పాఠాలు చెప్పిన ప్రైవేటు బడిలో అడిగారు. నేను సెలవులో ఉండగానే నా క్లాసు ఇంకొకరికి ఇచ్చేసి, తిరిగి వెళ్ళినప్పుడు కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి మరీ అడిగారు. రాయగడ బజారులో పని కోసం వెళ్తే బట్టల షాపాయన అడిగాడు. జిరాక్స్ సెంటరతను అడిగాడు. మా ఆయన బోరిగుమ్మలో మందుల దుకాణంలో చేరినప్పుడు ఆయన్ని మాత్రం ఎవరూ అడగలేదు. పిల్ల ఆయనకూ కూతురే.

అంగన్‌వాడీకి తీసుకెళ్తే మూడేళ్ళు నిండాలన్నారు. మా పిల్లకు అప్పటికి ఏడాదిన్నర. మా అత్తగారు నర్సింగ్ హోంలో ఆయా. పగలంతా ఎవరెవరి పిల్లల్నో ఎత్తుకుని, సాయంత్రానికి మా పిల్లను ఎత్తుకునే ఓపిక లేకుండా వస్తుంది. ఆవిడ మీద కోపం లేదు. మిగతా అందరి మీదా ఉంది. పిల్ల నిద్రపోయాక ఇది రాస్తున్నాను కాబట్టి పళ్ళు కొరుక్కుంటూ, చప్పుడు చేయకుండా కోప్పడుతున్నాను.

మా వీధికి ఆకుకూరలు తెచ్చే ఒక దేశియా ఆవిడ ఉంది, ఇక్కడి కొండ ఊళ్ళ మనిషి. అక్కను వాళ్ళు నానీ అంటారు, నేనూ నానీ అనే పిలుస్తాను. రాయగడలో తిరిగి తిరిగి మా తెలుగే మాట్లాడుతుంది. ఒకరోజు నేను ఫోనులో ఎవరితోనో ఇదే ప్రశ్న మీద గొడవ పడుతుంటే, గడప దగ్గర కూర్చుని తోటకూర కట్ట విప్పుతూ అంతా వింది.

"మావిడి తోటకి రా. ఊరగాయకి కోత మొదలెట్టేరు."

"పిల్లో?"

"పిల్లనీ తే. ఒగ్గేసి రమ్మని ఎవుల్ సెప్పేరు?"

పిల్లను తెమ్మని చెప్పిన మొదటి మనిషి ఆవిడే.

సాయంత్రం అత్తగారికి చెప్పాను. ఆవిడ చెప్పులు కూడా విప్పలేదు.

"ఏటే అమ్మీ, బీయే సదివింది మావిడికాయలు కొయ్యడానికా? ఆదివారం చర్చికాడ అడిగితే నానేటి సెప్పాలి?"

"కాయలు కోస్తన్నాదని సెప్పండత్తా."

"నువ్వలాగే అంటావు. పిల్లకి పామేటైనా కరిస్తే?"

పాము సంగతి నేను అప్పటికే ఆలోచించుకున్నాను. పాము, కందిరీగలు, వడదెబ్బ, మామిడి సొన, దోటి చివరి కత్తి, అన్నీ. భయపడటంలో ఆవిడ నాకు కొత్తగా నేర్పగలిగింది ఏమీ లేదు.

తోట రాయగడ నుంచి టికిరి వెళ్ళే దారిలో ఉంది. విజయనగరం వైపు నుంచి వచ్చిన ఒకాయన కాపును గుత్తకు తీసుకున్నాడు. పని ఇద్దరిద్దరుగా చేయాలి. ఒకరు దోటి పట్టుకుని తొడిమతో సహా కోస్తే, దోటికి కట్టిన వల సంచిలో కాయ పడుతుంది. రెండో మనిషి దాన్ని దెబ్బ తగలకుండా తీసి, తొడిమ విరిచి, సొన కారేటట్టు బోర్లించి పెట్టాలి. నన్ను తనకు జోడీగా పెట్టుకుంది నానీ. సొన పడిన చోటల్లా చర్మం కమిలింది. అయినా నాకు ఆ పని నచ్చింది. ఎందుకంటే అక్కడ ఒక పిల్లల చెట్టు ఉంది.

కాపు తక్కువున్న ఒక ముసలి చెట్టు అది. దాని కొమ్మలకు పాత చీరలతో ఉయ్యాలలు కట్టేవారు. రోజుకొకరు వంతున ఆ చెట్టు కింద ఉండి అందరి పిల్లల్నీ చూడాలి. ఆ మనిషి వంతు గంపలు మిగతా అందరూ కలిసి నింపుతారు. ఎవరూ కాగితం మీద రాసుకోరు, ఎవరూ మర్చిపోరు. మొదటి రోజు నేను క్షణానికోసారి అటు చూస్తుంటే నానీ కసిరింది.

"కాయ మీద సూపెట్టు. నీ పిల్ల ఎగిరిపోదు."

ఇంకో సంగతి కూడా అక్కడే చూశాను. ఆ ఆడవాళ్ళు కొత్త మామిడికాయను నోట పెట్టరు. చైత్రంలో ఊరి దేవతకు కొత్తకాయ పెట్టి పండగ చేసుకున్నాకే తింటారు. ఒక్కో ఊరు ఒక్కో రోజు చేసుకుంటుంది. వీళ్ళ ఊళ్ళో ఇంకా కాలేదు. కోయడం కూలి, తినడం వేరు. పగిలిన కాయ కాలి దగ్గరే పడున్నా చిన్నపిల్లలు సైతం ముట్టరు.

అలాంటి మనుషుల మీద గుత్తాయన దొంగతనం మోపాడు.

ఒకరోజు మధ్యాహ్నం గంజి తాగుతుంటే నన్ను షెడ్డు దగ్గరికి పిలిచాడు.

"నువ్వు మనోళ్ళ పిల్లవంట గదమ్మి, టీచరమ్మవంట. ఈ ఎండలో నీకేటి కర్మ? రేపట్నించి షెడ్డులో కూకో. పిల్లనీ పక్కనే ఎట్టుకో. సాయంత్రం ఆడోళ్ళు ఎల్లేటప్పుడు ఒళ్ళు తడిమి సూడు, అంతే."

"ఏటి సూడాలండి?"

"కాయలు. ఇంకేటి, బంగారవా? విజయనగరంలో దింపేసరికి సరుకు తగ్గిపోతంది. ఈళ్ళే కొంగుల్లో కట్టుకుపోతన్నారు."

"ఈళ్ళ ఊళ్ళో పండగవ్వలేదండి. అంతవరకు కొత్తకాయ తినరు. పిల్లలకీ ఎట్టరు."

ఆయన నవ్వాడు. "నీకింకా పాటాలు సెప్పే అలవాటు పోనేదు. ఆకలేస్తే పండగెవుడు సూస్తాడు?"

"శనివారం మీరు ఒక్కపూటే తింటారు గదండి. మరి మీకు ఆకలెయ్యదా?"

"అదీ ఇదీ ఒకటేనా?"

ఎందుకు ఒకటి కాదో ఆయన చెప్పలేదు. చెప్పనవసరం లేదనుకునే మనుషులతోనే నాకు పేచీ.

ఒళ్ళు తడమడానికి నేను ఒప్పుకోలేదు. సాయంత్రం ఆయనే బయల్దేరాడు. ఆడవాళ్ళ కొంగులు చూడటానికి జంకి, ముందు పిల్లల చెట్టు దగ్గరికి వెళ్ళి ఉయ్యాల గుడ్డలు దులిపించాడు. అందులో ఏముంటాయి? ఉచ్చ వాసన. ఇంతలో నాలుగేళ్ళ పిల్ల ఒకతి బుగ్గల మీద రెండు చేతులూ పెట్టుకుని అరిచింది.

"అది తినేసింది! పండగవ్వకుండా తినేసింది!"

అందరం చూశాం. మా అమ్మాయి. గుప్పిట్లో కొరికిన పచ్చికాయ, గడ్డం నిండా చొంగ, పులుపుకు ఒక కన్ను మూసుకుపోయింది.

"ఎవుల పిల్ల?" అన్నాడు గుత్తాయన.

"నాదండి."

ఆయన మొహం విప్పారింది. "ఓ, మన పిల్లా! తిననీ, తిననీ. ఒక్క కాయకేటి?" అని దాని బుగ్గ గిల్లాడు. ఆ చేతినే పక్కనున్న ఆవిడ వైపు చాపి, "కొంగిప్పు," అన్నాడు.

అది రాస్తుంటే ఇప్పుడు కూడా నా చెవులు వేడెక్కుతున్నాయి. కాయ తిన్నది మా పిల్ల. దొంగలయ్యింది వాళ్ళు.

"ముందు నా కొంగు సూడండి," అన్నాను.

"ఏటమ్మి, నిన్నెవులన్నారిప్పుడు?"

"తిన్నది నా పిల్ల. నాది సూడకపోతే ఎవుల్దీ సూడకండి."

"నీకు పని కావాలా, ఒద్దా?"

కావాలి. ఆ చెట్టు ఉన్న పని కావాల్సినంతగా ఊళ్ళో ఇంకే పనీ నాకు అక్కర్లేదు. కానీ నా నోరు వద్దంది. కోత ఆగిపోతుందని, అందరూ నా వెనకే వస్తారని అనుకున్నానేమో. ఎవరూ రాలేదు. ఆ పక్కావిడ కొంగు విప్పి చూపించింది. నానీ తల కూడా ఎత్తలేదు. పిల్లను చంకనేసుకుని రోడ్డు మీదికొచ్చి షేర్ ఆటో ఎక్కాను. అత్తగారు విని, "పోన్లే, పీడ పోయింది," అంది. ఆ మాటకు అన్నం మానేశాను.

మళ్ళీ ఫోన్లు, మళ్ళీ అదే ప్రశ్న. నానీ మా వీధికి రావడం లేదు. వస్తే కడిగిపారేద్దామని కాచుకున్నాను. ఒకరోజు తెల్లవారుతూనే గేటు బాదింది. కూరల గంప లేదు.

"వంతెగ్గొట్టి ఎల్లిపోయేవు గదా," అంది, నేను నోరు తెరిచేలోపే.

"ఏ వంతు?"

"పిల్లల వంతు. నీ పిల్లని అందరం సూసేం. నువ్వెవుల పిల్లని సూసేవు?"

నాకు తిక్క రేగింది. "నాను మీకోసం పనొగ్గేసి వచ్చేను. ఒక్కరైనా నోరిప్పేరా?"

"మాకోసవా? మమ్మల్నడిగేవా? నువ్వు అరిసేసి ఆటో ఎక్కేవు. ఆడు ఆ కోపం మామీద తీసేడు. పిల్లల సెట్టు తీసేయమన్నాడు."

"మరి?"

"మరేటి, పిల్లల్ని నెత్తినెట్టుకుని కొయ్యాలా? సెట్టు నేదంటే అందరం మానేసేం. టికిరి దాటేక ఇంకో తోట. ఆ తోటాయన సెట్టు ఇస్తానన్నాడు. ఇయ్యాల వంతు నీది. బేగి రా, బండి ఆగదు."

వాదించడానికి నా దగ్గర ఇంకా చాలా మాటలున్నాయి. అవన్నీ దారిలో చెప్పాను. నానీ ఒక్కదానికీ ఒప్పుకోలేదు, నేనూ తగ్గలేదు. కొంగు విప్పి చూపించిన ఆవిడ మా ఎదురుగానే కూర్చుంది. నా వైపు చూడలేదు. కానీ బండి గుంటలో పడినప్పుడు మా పిల్ల తల రేకుకు కొట్టుకోకుండా చెయ్యి అడ్డం పెట్టింది.

కొత్త తోటలో చెట్టు చిన్నది, నీడ చాలదు. ఎండ జరిగినప్పుడల్లా ఉయ్యాలలు మార్చి కట్టాను. అందరి ముక్కులూ తుడిచాను. చెట్టు మొదట్లో చీమల పుట్ట కనిపిస్తే ఊరుకోలేక అందర్నీ అవతలికి జరిపాను. మధ్యలో మా అమ్మాయి ఎక్కడిదో ఒక పచ్చికాయ సంపాదించింది. నేను లేచేలోపే ఆ నాలుగేళ్ళ పిల్ల పరుగున వెళ్ళి, గుప్పిట విప్పదీసి కాయ లాక్కుని, దూరంగా విసిరేసింది.

"పండగయ్యేదాకా దీన్ని నాను సూస్తాను," అంది నాతో, ఇక నా మీద నమ్మకం లేనట్టు.

మా పిల్ల నేల మీద పడి, కాళ్ళు తన్నుకుంటూ, తోటంతా వినపడేలా గీపెట్టింది. దోటి పట్టుకున్న ఆడవాళ్ళు ఇటు తిరిగి చూసి నవ్వారు. ఆ కోపం ఎవరి పోలికో ఎవరూ అడగలేదు.