పీలిక కట్టిన దుబ్బులు

ఉదయం ఆరూ పదికి పుంగనూరు బస్టాండులో కుప్పం బస్సు కదిలింది. సీట్లు ఖాళీగానే ఉన్నాయి, నేనే కూర్చోలేదు. చంకలో ఫైలు పెట్టుకుని డ్రైవరు వెనక కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. పలమనేరు దాటాక కండక్టరు, "కూసోండి సారూ, బస్సు కంటే ముందు మీరే పోయేటట్టుండారు" అన్నాడు. కూర్చున్నాను. రెండు స్టాపులు పోయేసరికి మళ్లీ లేచాను.

ఫైలు నాది కాదు. మదనపల్లెలో ఒకే కాలేజీలో ఇరవై ఆరేళ్లు నాతో పనిచేసిన మిత్రుడిది. అతను వృక్షశాస్త్రం చెప్పేవాడు, నేను చరిత్ర. గిరిజనులకు తెలిసిన విషయాలను డిగ్రీ పాఠాల్లోకి తీసుకురావడానికి కుప్పం యూనివర్సిటీ నిధులు ఇస్తోందని తెలిసి అతను దరఖాస్తు పెట్టాడు. శ్రావణంలో పోయాడు. కర్మ ముగిసిన వారానికి నిధులు మంజూరైనట్టు ఉత్తరం వచ్చింది, అతని పేరు మీదే. ఆ సంవత్సరంలోనే, కుప్పంలోనే కోర్సు నడపాలి, లేకపోతే రద్దవుతుంది. తీసుకునేవాళ్లు లేక ప్రిన్సిపాలు నన్నడిగాడు. ఇంట్లో ఒక్కచోట కుదురుగా ఉండలేని రోజులవి. తిరిగే పని ఏదైనా చాలనిపించి ఒప్పుకున్నాను.

మిత్రుడు ఈ కోర్సు గురించి నాతో చాలాసార్లు మాట్లాడాడు. ఆ మాటల్లో పట్టుబట్టి చెప్పింది ఒక్కటే. పుంగనూరు అవతల కొండకింద ఒక సుగాలీ తాండా ఉంది. అక్కడ ఒక పెద్దావిడ చుట్టుపక్కల బాలింతలందరికీ మందు ఇస్తుంది. ఆవిడ చెప్పింది మనం రాసుకుని మన నోటితో చెప్పడం కాదు, ఆవిడే వచ్చి తరగతిలో నిలబడి చెప్పాలి అనేవాడు. అది జరగకపోతే ఆ డబ్బు వెనక్కి పోయినా ఫర్వాలేదన్నాడు. ఆస్పత్రిలో కూడా అదే అన్నాడు. సరేనన్నాను.

కుప్పంలో యూనివర్సిటీ ఆఫీసు అమ్మాయి ఫారం ఇచ్చింది. పాఠం చెప్పేవారి విద్యార్హత అని ఒక గడి ఉంది. మిత్రుడు దాన్ని ఖాళీగా వదిలేశాడు. గీత పెట్టేయమంది ఆ అమ్మాయి. గీత పెట్టాను. ప్రాక్టికల్స్ అన్నచోట ఏం రాయాలో నాకు తెలియలేదు. మా కాలేజీ బోటనీ రికార్డు పుస్తకంలో ఉన్నది చూసి రాశాను: ప్రతి విద్యార్థీ మొక్కను ఎండబెట్టి అట్టకు కుట్టిన హెర్బేరియం షీటు ఒకటి సమర్పించాలి, మొక్క వేరుతో సహా ఉండాలి. సంతకం పెట్టి బయటికి వచ్చి టీ తాగకుండానే తిరుగు బస్సు ఎక్కాను.

తాండాలో పెద్దావిడ నన్ను అరుగు మీద కూర్చోబెట్టి మిత్రుడు ఎలా పోయాడో అడిగింది. చెప్పాను. ఆయన కొండ ఎక్కేటప్పుడు మాట్లాడేవాడు కాదని, అది తనకు నచ్చేదని అంది. తరగతికి వస్తానంది. ముందు పిల్లలు తనతో కొండకు రావాలి, ఆ తర్వాతే తను కుప్పం వస్తుంది. అమావాస్య దాటాక రమ్మంది. ఈలోగా ఆమె మనవరాలికి మదనపల్లె ఆస్పత్రిలో కాన్పయింది. ఆవిడ అక్కడికి వెళ్లింది. ఇంకో పది రోజులు ఆగమని కబురు వచ్చింది.

నేను ఆగలేదు. గడువు దగ్గరపడిందని అందరికీ చెప్పాను. గడువు ఇంకా నెలన్నర ఉంది. నిజానికి ఎదురుచూడడం నాకు చేతకాలేదు. ఇరవై ఎనిమిది మంది పిల్లల్ని వ్యానులో ఎక్కించుకుని నేనే కొండకు తీసుకెళ్లాను. మిత్రుడి నోటుబుక్కులో మొక్క పేరుంది, పిల్లితేగలు. సన్నటి ఆకులు, ముళ్లతీగ, కింద గుత్తులుగా దుంపలు. బాలింతలకు పాలు పడడానికి ఇస్తారు.

కొండ మీద ఆ తీగ కనిపించింది. కొన్ని దుబ్బులకు పాత చీర పీలికలు కట్టి ఉన్నాయి. ఎరుపు, పసుపు, వెలిసిపోయిన నీలం. వాటిని చూడగానే ప్రాణం కుదుటపడింది. కాలేజీ తోటలో మొక్కలకు మేం చీటీలు కడతాం, పిల్లలు గుర్తుపట్టాలని. పెద్దావిడ మా కోసం ముందే గుర్తులు పెట్టిందనుకున్నాను. పీలిక ఉన్నవే తవ్వండని చెప్పాను. పిల్లలు శ్రద్ధగా పనిచేశారు. వేరు తెగితే మార్కులు పోతాయని గడ్డపారలతో చుట్టూ లోతుగా తవ్వి, తల్లివేరుతో సహా పెళ్లగించారు. పీలికల్ని కూడా విప్పి జాగ్రత్తగా కవర్లలో వేసుకున్నారు. పీలిక కట్టినవి ముప్పైకి పైగా ఉండేవి. మధ్యాహ్నానికి రెండో మూడో మిగిలాయి.

పదో రోజున పెద్దావిడ తిరిగి వచ్చింది. మనవరాలికి దుంపలు తేవడానికి కొండెక్కింది. నేను మర్నాడు వెళ్లేసరికి అరుగు మీద కూర్చుని ఉంది. దిగేటప్పుడు పట్టుకొచ్చినట్టుంది, పక్కన ఎండిన తీగ ఒకటి పడి ఉంది. నన్ను కూర్చోమనలేదు.

"ఆ పీలికలు యాల కట్టినామనుకున్న్యారప్పా?" అంది.

గుర్తుకోసం అనుకున్నామని చెప్పాను.

"గుర్తుకే. పోయినేడు వాటికాడ తీసుకున్న్యాం. ఈ యేడు వాటి జోలికి పోవద్దని కట్టినాం. ఈ కొండెక్కే వాళ్లందరికీ ఎరికే."

తర్వాత విడమరిచి చెప్పింది. ఒక దుబ్బులో ఒకవైపు దుంపలే తీస్తారు. తల్లివేరును ముట్టుకోరు. పీలిక కట్టి ఒక ఏడాది వదిలేస్తారు. మరుసటి వానలకు పీలిక విప్పి ఇంకోవైపు తీస్తారు. ఈ ఏడాది తీయాల్సినవి పీలిక లేనివి, అవి అలాగే ఉన్నాయి. కాబట్టి మనవరాలికి ఇబ్బంది లేదు. పోయినవి వచ్చే ఏటివి. తాండాలో ఇద్దరు కోడళ్లు అప్పటికే నెల తప్పారు. పక్క ఊరి రెడ్ల ఇంట్లో ఒకమ్మాయి కూడా.

పక్కింటామె గోడ మీదుగా వింటోంది. "సదువుకున్నోళ్లు గదక్కా, యాడన్నా అడిగేది ఉంటాదా" అంది. పెద్దావిడ ఆమెను కసరలేదు.

తప్పు నాదేనని, పిల్లలది కాదని చెప్పాను. మిత్రుడు ఉండి ఉంటే ఇలా జరిగేది కాదని కూడా అన్నాను. ఆ మాట ఎందుకన్నానో తెలియదు. ఆవిడ నా మొహంలోకి చూసింది.

"ఆ సారు కూడా మొదుటిసారి వొచ్చినప్పుడు పీలిక సూసినాడు. నన్ను పిల్సి అడిగినాడు. అంతే తేడా."

తరగతికి రాదనుకున్నాను. నెమ్మదిగా ఆ మాటే అడిగాను. ఆ సారుకు మాట ఇచ్చానని, వస్తానని అంది. ఒకటే అడిగింది, ఆ రోజు తవ్విన పిల్లలందరూ తవ్వినవి తీసుకుని అక్కడ ఉండాలి.

వచ్చింది. నేనే పుంగనూరులో బస్సెక్కించి కుప్పం తీసుకెళ్లాను. దారంతా ఆవిడ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది, నేను లేస్తూ కూర్చుంటూ ఉన్నాను. హాలులో పిల్లలు బల్లల మీద షీట్లు పరిచారు. పాత పేపర్ల మధ్య నొక్కి ఎండబెట్టి, తెల్ల అట్ట మీద దారంతో కుట్టి, కింద పేరూ తేదీ స్థలం రాసిన ఇరవై ఎనిమిది షీట్లు. చాలా చక్కగా చేశారు. ఆవిడ ఒక్కొక్క బల్ల దగ్గర ఆగి, అట్ట మీద ఎండిన దుంపల్ని వేలితో లెక్కపెట్టింది. చివరి బల్ల దగ్గర ఒక అమ్మాయి ఏడవడం మొదలుపెట్టింది. ఆవిడ ఆమె తలమీద చెయ్యిపెట్టి, ముందుకు వచ్చి నిలబడింది. ఎలా తవ్వాలో, ఎంత తవ్వాలో, ఎందుకు కట్టాలో ముప్పావుగంట చెప్పింది. ఎవరూ ఫోను తియ్యలేదు. నేను వెనక గోడకు ఆనుకుని విన్నాను. మిత్రుడు కోరింది జరిగింది. వినడానికి అతను లేడు.

కోర్సు ముగింపు నివేదికలో జరిగినదంతా రాశాను, పీలిక ఉన్నవే తవ్వమని నేను చెప్పిన మాటతో సహా. కమిటీ వాళ్లు ఆ పేజీని మెచ్చుకున్నారు. మా పాఠం బాగుందని మరుసటి ఏడాదికీ నిధులు ఇచ్చారు. కోర్సుకు అచ్చువేసిన పుస్తకంలో రెండో అధ్యాయం ఇప్పుడు పీలికల గురించే. పీలిక కట్టిన దుబ్బును తాకరాదని అందులో స్పష్టంగా ఉంది. ఏ మొక్కో, ఏ కొండో కూడా ఉంది. అవి నేనే రాశాను. వానలు ముగిశాక బయటి ఊళ్ల నుంచి దుంపలు అమ్ముకునేవాళ్లు గోనెసంచులతో వచ్చారు. పీలిక ఉన్నచోట కిందటేడాది దుంప పడిందని, అది మంచి దుబ్బని వాళ్లకు తెలుసు, వాటినే తవ్వుకుపోయారు. ఎవరు చెప్పారో తాండాలో నన్నెవరూ అడగలేదు.

మొన్న వెళ్లాను. పెద్దావిడకు చూపు తగ్గింది. ఏది తీశారో ఏది తీయలేదో ఇప్పుడు ఆవిడ మనసులోనే పెట్టుకుంటోంది. మనవరాలికి సగమే చెప్పగలిగానంది. మిగతాది నాకు చెబుతానంటే రాసుకోనని చెప్పాను.

ఆ కొండ మీద ఇప్పుడు ఎవరూ పీలికలు కట్టడం లేదు.