తోటికోడళ్ల తూకం

నలభై రెండో ఏట నా రక్తపరీక్ష కాగితం చూసి డాక్టరమ్మ కళ్లజోడు పైకి నెట్టుకుంది. "షుగరు గడప దాకా వచ్చి నిలబడింది. పొట్ట తగ్గించండి," అంది. ఆవిడ పొట్ట అంది, నేను బరువు అని విన్నాను. ఆ తరువాత నేను చేసిన తెలివితక్కువ పనులన్నిటికీ అదే మొదలు.

అల్లూరు దగ్గర రొయ్యల గుంటల నీళ్లు పరీక్షించే ల్యాబులో నా ఉద్యోగం. రైతులు సీసాల్లో నీళ్లు తెస్తారు. ఉప్పెంత, అమ్మోనియా ఎంత అని చూసి రాసిస్తాను. రోజంతా అంకెలతో బతికే మనిషిని కదా, ఇంట్లోకి కూడా ఒక అంకె కావాలనిపించింది. ఆ వారమే బరువు చూసే మిషను కొన్నాను.

మా ఇంటికి రెండు వాటాలు. రెండో వాటాలో మా బావగారు, నా తోటికోడలు ఉంటారు. ఆమె నాకంటే ఆరేళ్లు పెద్దది, అక్కా అనే పిలుస్తాను. వాళ్లకు సొంత రొయ్యల గుంట ఉంది, మేత పని సగం ఆమెదే. మిషను చూడగానే, "నేనూ తగ్గతా మే. నువ్వొక్కదానివే సన్నబడి నా పక్కన నిలబడితే నా గతేంది?" అంది. ప్రతి ఆదివారం పొద్దున వసారాలో ఇద్దరం బరువు చూసుకోవాలని ఒప్పందం చేసుకున్నాం.

నేను పరుగు పట్టుకున్నాను. పొద్దున గంట, సాయంత్రం గంట, గుంటల గట్ల మీద. మొదటి రోజు నన్నెవరో తరుముతున్నారనుకొని కాపలా మనిషి కర్ర పట్టుకొని వచ్చాడు.

"ఎవుడక్కా? యాడుండాడు?"

"ఎవరూ లేరన్నా. ఒళ్లు తగ్గాలని పరిగెత్తతా ఉండా."

ఆయన కర్ర దించి, నన్నొకసారి పైనుంచి కిందికి చూసి, "అయితే ఇంకా చానా దూరం పోవాల," అన్నాడు.

తిండికి కూడా కోత పెట్టాను. పొద్దున రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం మజ్జిగ, రాత్రికి ఒక చపాతీ. గుడ్డు, చేప, పప్పు బరువు పెంచుతాయని ఎవరినీ అడగకుండా నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. అక్క మాత్రం చేపల పులుసుతో అన్నం తిని, గట్టు మీద చేతులూపుకుంటూ గబగబా నడిచేది. మేత బస్తాలు ఎప్పటిలాగే తనే ఎత్తేది.

తూకం రోజున నేను కొంచెం దొంగతనం చేశాననే చెప్పాలి. గుమ్మం ముందు కాళ్లు తుడుచుకునే మెత్తటి కాలిపట్ట మీద పెడితే మా మిషను బరువు తక్కువ చూపిస్తుందని కనిపెట్టాను. నా వంతు వచ్చినప్పుడు దాన్ని కాలితో పట్ట మీదికి జరిపేదాన్ని. అక్క వంతుకు మళ్లీ గచ్చు మీదికి. అయినా నేను నిజంగానే తగ్గుతున్నాను. వింతేమిటంటే అక్క మొదటి వారం కంటే ఎక్కువే తూగుతోంది. రెండు నెలల్లో ఆరు కిలోలు తగ్గానని ల్యాబుకు వచ్చిన ప్రతి రైతుకూ చెప్పాను. పాపం, వాళ్లు అమ్మోనియా సంగతి తెలుసుకుందామని వచ్చినవాళ్లు.

అప్పుడు బంధువుల పెళ్లి వచ్చింది. పాత జాకెట్లు తీసుకొని ఇద్దరం మా వీధిలోని కుట్టుమిషను బీబీ దగ్గరికి వెళ్లాం. పదిహేనేళ్లుగా మా కొలతలన్నీ ఆమె పుస్తకంలో ఉన్నాయి. టేపు నా చేతికి చుట్టింది, పుస్తకం చూసింది, మళ్లీ చుట్టింది.

"చేతులు బాగా తగ్గినాయి మేడమ్. బుజాలు కూడా జారినాయి."

"చూసినావా అక్కా!" అన్నాను గర్వంగా.

"నడుము మాత్రం అట్నే ఉండాది," అంది బీబీ మెల్లగా.

అక్క నా జబ్బ పట్టుకొని ఊపింది. చర్మం ఒకవైపు, నేనొకవైపు ఊగాం. "లూజ్ షెల్ మే నీకు!" అని పకపకా నవ్వింది.

మా వైపు ఆ మాట తెలియనివాళ్లుండరు. రొయ్యకు లోపల కండ తగ్గిపోయి పెంకు వదులైపోయే జబ్బు అది. పట్టుకుంటే మెత్తగా నొక్కుకుపోతుంది. అలాంటి రొయ్యను పట్టుకొచ్చిన రైతులకు నేనే ఉపన్యాసాలు ఇస్తుంటాను. మరుసటి రోజు ల్యాబులో నీళ్ల సీసాల ట్రే బల్ల మీదికి ఎత్తబోతే చేతులు వణికాయి. పరుగు మొదలుపెట్టకముందు దాన్ని ఒంటిచేత్తో ఎత్తేదాన్ని.

తిన్నగా డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆవిడ నా తిండి లెక్కంతా విని తల పట్టుకుంది.

"పరుగు తప్పు కాదమ్మా. కడుపు మాడ్చుకొని రెండు పూటలా పరిగెత్తడం తప్పు. ఒళ్లు కొవ్వుతోపాటు కండనూ కరిగించుకుంటుంది. వేగంగా నడవండి. మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అంత వేగం చాలు. వారానికి రెండు మూడు రోజులు బరువులెత్తండి. గుడ్డు, చేప, పప్పు మానొద్దు."

ఆ ఆదివారం అక్క మిషను ఎక్కుతుంటే ఆమె నడుము దగ్గర నుంచి ఏదో జారి గచ్చు మీద ఠంగుమని పడింది. చూస్తే అల్లం దంచే ఇనప రోకలి.

"ఏందక్కా ఇది?"

"రెండో వారం నుంచీ దోపుకుంటా ఉండా," అంది ఏ మాత్రం సిగ్గు లేకుండా. "నువ్వు గెలిచిన రోజు సంబరంగా చేపలన్నీ నువ్వే తోమి, రెండు ఇళ్లకూ పులుసు పెడతావు. ఓడితే మూతి ముడుచుకొని పడుకుంటావు. నాకేది లాభం, చెప్పు?"

నేను కాలిపట్ట సంగతి ఒప్పుకున్నాను. "నాకు తెలీదా ఏంది? ప్రతి వారం దాన్ని సర్ది పెట్టేది నేనే," అంది.

ఆ వారం నుంచి ఆమెతో కలిసి నడవడం మొదలుపెట్టాను. వేగం సరిపోయిందో లేదో చూడటానికి ఆమే నా పరికరం. తన వదిన గారి కోడలి మీద ఫిర్యాదులు ఆయాసపడుతూ చెబుతుంటే వేగం సరైనది. మధ్యలో రాగం తీయగలిగితే ఇంకా వేగం పెంచాలన్నమాట. వారానికి మూడు రోజులు గుంట దగ్గర మేత మోస్తాను. మొదట సగం బస్తాతో మొదలుపెట్టి, మూడో నెలకు నిండు బస్తా ఎత్తాను. వెన్ను వంచకుండా మోకాళ్లు వంచి ఎత్తడం అక్కే నేర్పింది. తప్పు చేస్తే వీపు మీద ఒకటి వేసేది.

ఈ నాలుగు నెలల్లో బరువు రెండు కిలోలే తగ్గింది. కానీ చీర కుచ్చిళ్లు రెండు ఎక్కువ వస్తున్నాయి, సీసాల ట్రే చెప్పిన మాట వింటోంది. షుగరు కూడా గడప దగ్గర నుంచి వీధిలోకి దిగిందని డాక్టరమ్మ చెప్పింది.

పరుగు పూర్తిగా మానలేదు. శనివారం పొద్దున ఒక గుంట పొడుగునా ఉరికి, మరో గుంట పొడుగునా నడుస్తాం. మొన్న అక్క చీర దోపుకొని నాకంటే ముందే కదిలింది. నేను ఇంకా చెప్పులు విప్పనే లేదు.

"ఒకటీ రెండూ అననే లేదు గదక్కా!" అని అరిచాను.

"నా మనసులో అనుకున్యా!" అంటూ ఆమె అప్పటికే మోటారు షెడ్డు దాటిపోయింది.