ఆగిందా, ఆపారా

కొత్త స్లాబు మీద పరిచిన తడి గోనెపట్టాల వాసన తగిలితే చాలు, నాకు రామినాయుడు గారు గుర్తొస్తారు. ఈ ఉదయం టాటానగర్ అగ్రికో కాలనీలో ఎవరో ఇల్లు కట్టుకుంటున్న చోట అదే వాసన వచ్చింది, కాసేపు అక్కడే నిలబడిపోయాను. ప్రభుత్వ రోడ్ల శాఖలో నా మొదటి ఉద్యోగంలో ఆయనే నా పైఇంజనీరు. టాటానగర్ రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగిన మనిషి. ఇంట్లో శ్రీకాకుళం మాట, సైట్లో హిందీ, కోపమొస్తే మౌనం. నాకేమో కోపమొస్తే ఉన్న భాషలన్నీ ఒకేసారి వచ్చేవి. అందుకే కాబోలు, నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని పని నేర్పారు.

అప్పట్లో పర్సుడీహ్ బస్తీలో ఒక కల్వర్టు కడుతున్నాం. పునాది తవ్వుతుంటే మంచినీళ్ల గొట్టం అడ్డొచ్చింది. దాన్ని పక్కకు జరపడం మీ పనంటే మీ పనని మా శాఖా, కాంట్రాక్టరూ పంతానికి పోయారు. కాంట్రాక్టరు గుప్తా కూలీలను పంపేసి కూర్చున్నాడు. అతన్ని తీసేసి మళ్లీ టెండరు పిలుద్దామని ఆఫీసులో అందరి మాట. అదే జరిగితే ఆ గొయ్యి వానాకాలమంతా అలాగే ఉండిపోతుంది. గోతి మీద వేసిన చెక్క దాటుతూ బస్తీలోని మన తెలుగు పెద్దావిడ ఒకామె నన్ను నిలదీసింది. "ఏటమ్మా ఇది? మా కోడలికి నెలలు నిండిపోనాయి. ఈదిలోకి ఆటో రాదు. మీ తగువు తేలేసరికి నా మనవడు నడిసెల్లిపోతాడు."

ఆ ఊపులోనే నాయుడు గారి గదిలోకి వెళ్లాను.

"గుప్తా పని ఆపీసినాడు సార్. తీసేద్దాం."

"ఆపీసినాడా, ఆగిపోనాదా?"

"రెండూ ఒకటే కద సార్!"

"ఒకటెలగవుతాదమ్మా? ఆపీసినాడంటే ఆడి మీద పడిపోతాం. ఆగిపోనాదంటే ఎందుకాగిందో ఎతుకుతాం. ముందు ఎతుకు."

నాకు ఒళ్లు మండింది. ఊరు మునిగిపోతుంటే వ్యాకరణమా అనుకున్నాను. ఆయన మాత్రం మర్నాడే గుప్తానీ, మా పైఅధికారినీ గోతి దగ్గరకు రప్పించారు. "మైనే నహీ రోకా సాబ్, రుక్ గయా" అంటూ, ఆపింది తాను కాదు, అదే ఆగిపోయిందంటూ గుప్తా చేతులు జోడించాడు. ఎవరో ఒకరు ఆపకుండా పని దానంతటది ఎలా ఆగుతుందని అధికారి గుడ్లురిమారు.

"మైనే రోకా సాబ్" అన్నారు నాయుడు గారు, ఆపింది తానేనని. గొట్టం జరిపించాల్సింది తానేననీ, త్వరగా మొదలవ్వాలన్న ఆత్రంలో అది చూడకుండానే స్థలం అప్పగించేశాననీ, గుప్తాకు గడువు పెంచమనీ హిందీలో తాపీగా చెప్పారు. కొద్ది నెలల్లో రిటైర్ కావలసిన మనిషి. ఆ మాటతో ఎంక్వైరీ తన మెడకే చుట్టుకుంటుందని ఆయనకు తెలుసు. నాకు ఏడుపు ఆగలేదు. తిరుగు దారిలో జీపులో అడిగేశాను.

"ఆగిపోనాదనాలని మీరే కద సార్ సెప్పినారు?"

"అది ఎదటోళ్లకమ్మా. మనకి కాదు" అని నవ్వారు.

గొట్టం జరిగింది. వానలకు ముందే కల్వర్టు లేచింది. పెద్దావిడ కోడలు ఆటోలోనే ఆసుపత్రికి వెళ్లింది. నాయుడు గారు మాత్రం సర్వీసంతా లేని మచ్చ ఒకటి వేయించుకుని ఇంటికి వెళ్లారు. ఇప్పుడు ఆయన కుర్చీలో నేనున్నాను. తగువు వచ్చినప్పుడు ఎదుటివాళ్ల గురించి 'ఆగిపోయింది' అనడం నాకు బాగానే అలవాటైంది. 'నేనే ఆపాను' అనాల్సి వచ్చినప్పుడే ఫైలు మళ్లీ మొదటి పేజీ నుంచి తిప్పుతాను. ఆ క్షణాన ఆయన మీద ఎంత బెంగగా ఉంటుందో చెప్పలేను. అయినా అనేస్తాను.