కళ్ళు మూసుకుని ఎక్కిన కొండ

నీళ్ళను ఒకచోట కూర్చి, వాటి చుట్టూ కొండలను నిలబెట్టి, ఆ కొండల మీద అలిసినవాళ్ళు కూలబడడానికి అక్కడక్కడా రాళ్ళు కూడా పెట్టిన దేవునికి స్తోత్రం. ఆ రాళ్ళలో ఒకదాన్ని మా నాయన కోసమే పెట్టాడని నా గట్టి నమ్మకం. ప్రభువు నామానికే మహిమ కలుగును గాక.

మాది కృష్ణపట్నం దారిలో సముద్రం పక్క పల్లె. మా దగ్గర ఎత్తు అంటే రొయ్యల గుంట గట్టే. అందుకే ఏటా ఈస్టరు మరునాడు మా సంఘమంతా తెల్లవారకముందే బస్సు మాట్లాడుకుని పడమటికి, కండలేరు జలాశయం దగ్గరికి వెళతాం. ప్రభువు తిరిగి లేచిన దినాన ఇద్దరు శిష్యులు ఎమ్మాయు ఊరికి నడుస్తుంటే ఆయన వాళ్ళతో కలిసి నడిచాడు. రొట్టె విరిచేదాకా వాళ్ళు ఆయన్ని గుర్తుపట్టలేదు. ఆ జ్ఞాపకంగా మేమూ ఇద్దరిద్దరం జతగా నీళ్ళ వెంబడి నడుస్తాం. కట్ట దిగి, తుమ్మచెట్లు దాటి అడవిలోకి పోతే కాలిబాట ఒకటి ఉంది. నీళ్ళను ఎడమ పక్కన ఉంచుకుని దాని వెంటే పోయి చివర కొండ ఎక్కుతాం. పైన చదును బండ మీద రొట్టె విరుచుకుని తిని, దిగి వస్తాం.

ముందు నడిచేవాళ్ళ చేతిలో కర్ర ఉంటుంది. వాళ్ళు కర్రను నేలకు తాటించి "ప్రార్థన చేసుకుందాం" అంటే ఎంత జోరు మీద ఉన్నవాళ్ళైనా ఆగాలి, కళ్ళు మూసుకోవాలి. కళ్ళు మూసుకోవడంలో మా సంఘం చాలా గట్టిది. సండేస్కూల్లో ప్రార్థన మధ్యలో కళ్ళు తెరిచిన పిల్లకు క్రిస్మస్ నాటకంలో దేవదూత వేషం ఇవ్వరు. గొర్రె వేషమే. నేను మూడు క్రిస్మసులు గొర్రెనే.

ఈ నడక మొదలైనప్పటి నుంచీ కర్ర మా నాయనదే. పోర్టుకు లారీలు తోలి రిటైరైన మనిషి. డెబ్బై దాటాయి, మోకాళ్ళు అరిగాయి. నడవచ్చు కానీ ఆగి ఆగి నడవమన్నాడు డాక్టరు. ఇక మా అన్న థర్మల్ ప్లాంటులో సేఫ్టీ చూసే ఉద్యోగి. ఇంట్లో ఫ్యాను తుడవాలన్నా హెల్మెట్ పెట్టుకోమనే రకం. మొన్నటి ఈస్టరుకు రెండు రోజుల ముందు నాయన దగ్గర కూర్చుని మొదలుపెట్టాడు.

"పోయినేడు దారి పొడుగునా కూర్చుంటా వచ్చినావు నాయనా. నీ కోసం అందరం ఆగినాం. ఎండెక్కి ఆడోళ్ళకు కళ్ళు తిరిగినాయి. ఈసారి కర్ర నాకియ్యి."

"కూర్చోకుండా ఎక్కితే?"

"ఎక్కితే నువ్వున్నన్నాళ్ళూ కర్ర నీదే. యాడన్నా కూర్చున్నావంటే మాత్రం నాకిచ్చేయాల."

నాయన మోకాలు నిమురుకున్నాడు. ఆ కర్ర పట్టుకునే పొద్దు కోసం ఆయన ఏడాదంతా మోకాళ్ళకు నూనె రాయించుకుంటాడని నాకు తెలుసు. రాసేది నేనే.

"సరే. అయితే ఇద్దరు సాక్షులుండాల. ఒకడి మాట మీద ఏదీ తేల్చకూడదని వాక్యమే చెప్పింది."

"ఇద్దరేంది, బస్సెడు మంది చూస్తారు," అన్నాడు అన్న.

సోమవారం పొద్దున చీట్లు తీస్తే నాకు జతగా టీచరమ్మ వచ్చింది. రిటైరైన టీచరు, సంఘంలో అందరికీ పెద్ద. ఆమె ప్రార్థన కూడా పెద్దదే. సృష్టితో మొదలుపెట్టి, కోవూరు పంటలను, బుచ్చిరెడ్డిపాలెంలో ధాన్యం అమ్ముకునేవాళ్ళను, ఆస్పత్రుల్లో ఉన్నవాళ్ళను ఒక్కొక్కరినీ ప్రభువుకు అప్పజెప్పి, చివరికి రేవులో నిలబడ్డ ఓడల దగ్గరికి వస్తుంది. ఓడలు వచ్చాయంటే ఆమెన్ దగ్గరపడినట్టే.

అడవిలో రేల చెట్లు పచ్చగా పూసి ఉన్నాయి. చెట్ల సందుల్లోంచి నీళ్ళు, నీళ్ళ మీద చేపలు పట్టేవాళ్ళ పుట్టి ఒకటి. నాయన కర్ర ఊపుకుంటూ పెళ్ళికొడుకులా నడిచాడు. అన్న సరిగ్గా ఆయన వెనకే, పైన విరవడానికి తెచ్చిన బన్నుల సంచి భుజాన వేసుకుని, ఆయన నడుము వంకే చూస్తూ నడిచాడు.

కొండ మొదట్లో బాట నిటారుగా లేస్తుంది. అక్కడికి వచ్చేసరికి నాయన చొక్కా వీపుకు అతుక్కుపోయింది. కర్ర తాటించాడు.

"ప్రార్థన చేసుకుందాం. టీచరమ్మా, నువ్వు చెయ్యి తల్లీ."

అంతమందిలో టీచరమ్మనే ఎందుకు పిలిచాడా అని ఆ క్షణాన నాకు తట్టలేదు. అందరం కళ్ళు మూసుకున్నాం. ఆమె సృష్టిని ముగించి కోవూరు చేరేసరికి నా కాలి మీద చీమ కుట్టింది. ఒంగి దులుపుకుంటూ కళ్ళు తెరిచాను. గొర్రె బుద్ధి.

నాయన ఒక రాతి మీద కాళ్ళు బారజాపుకుని కూర్చుని ఉన్నాడు! కళ్ళు మాత్రం భక్తిగా మూసుకునే ఉన్నాడు. తల పక్కకు తిప్పితే అన్న. వాడి కళ్ళు పూర్తిగా తెరిచి ఉన్నాయి, కానీ వాడి చూపు అప్పటికే నాయన మీద నుంచి పక్కకు మళ్ళింది. కింద పెట్టిన బన్నుల సంచిని ఒక కోతి నింపాదిగా ఈడ్చుకుపోతోంది. అరిస్తే కళ్ళు తెరిచినట్టు తెలిసిపోతుంది. అరవకపోతే సంఘానికి రొట్టె లేదు. వాడి నోరు రెండుసార్లు తెరుచుకుని రెండుసార్లు మూతబడింది. అప్పుడే మా ఇద్దరి చూపులూ కలిశాయి. ఇద్దరం ఒక్కసారే గట్టిగా కళ్ళు మూసుకున్నాం.

ఓడలు రేవుకు వచ్చాయి. ఆమెన్ అని కళ్ళు తెరిచేసరికి నాయన నిటారుగా నిలబడి ఉన్నాడు.

"బన్నులేవీ?" అంది పాస్టరమ్మ.

ఎవరికీ తెలియదు. సేఫ్టీ ఆఫీసరు ఆకాశం వంక చూశాడు.

ఆ తర్వాత కొండ సగంలో ఒకసారి, ముక్కాలు భాగంలో ఒకసారి నాయనకు ప్రార్థనాభారం కలిగింది. రెండుసార్లూ టీచరమ్మనే పిలిచాడు. నేను మళ్ళీ కళ్ళు తెరవలేదు. చెవులు మూసుకోవాలని మాత్రం కట్టుబాటు లేదు గదా, రాతి మీద బట్ట రాసుకున్న చప్పుడు రెండుసార్లూ విన్నాను.

పైకి చేరాం. గాలి కొట్టింది. కింద నీళ్ళు ఒంపులు తిరుగుతూ కొండల సందుల్లోకి పోతున్నాయి. నాయన కర్ర బండ మీద తాటించి అన్న వంక చూశాడు. "ఏమబ్బయా, ఎక్కినానా?"

"ఎక్కినావు. కూర్చుంటా ఎక్కినావు."

"ఎప్పుడు కూర్చున్నాను?"

"టీచరమ్మ ప్రార్థన చేసేటప్పుడు! నా కళ్ళతో చూసినా."

పాస్టరుగారు దగ్గారు.

"ప్రార్థన చేసేటప్పుడు నీ కళ్ళు తెరిచుండాయా అబ్బయా?" అన్నాడు నాయన, చాలా మెత్తగా.

"అయితే బన్నులు ఎత్తుకుపోయిందాన్ని కూడా చూసే ఉంటావే!" అంది పాస్టరమ్మ.

అందరూ పకపకా నవ్వారు. అన్న చెవులు ఎర్రబడ్డాయి. కానీ వదల్లేదు. "ఇద్దరు సాక్షులన్నావు గదా. చెల్లెల్ని అడుగు. అది కూడా చూసింది."

అందరి తలలూ నా వైపు తిరిగాయి. నాయన కూడా చూశాడు. నవ్వుతున్నాడు గానీ, కర్ర పట్టుకున్న వేళ్ళు బిగుసుకున్నాయి. అబద్ధం చెప్పలేను. నిజం చెబితే ఆ వేళ్ళు విప్పాల్సి వస్తుంది.

"ప్రార్థనలో నేను చూసిందీ లేందీ నీకెట్టా తెలుసన్నా?" అన్నాను.

ఈసారి పాస్టరుగారు కూడా నవ్వారు. రెండో సాక్షి దొరకలేదు. కర్ర నాయనకే మిగిలింది.

రొట్టెకు మాత్రం టీచరమ్మే దిక్కయింది. షుగరు మనిషి కాబట్టి హ్యాండ్‌బ్యాగులో ఒక బన్ను దాచుకుంది. దాన్నే పాస్టరుగారు విరిస్తే మనిషికి గోరంత వచ్చింది. తిన్నాక ముగింపు ప్రార్థన తానే చేస్తానన్నాడు నాయన. అందరం కళ్ళు మూసుకున్నాం. ఈసారి అన్న కూడా.

"ప్రభువా," అన్నాడు నాయన, "నేను కూర్చునే ఎక్కినాను. నీ కళ్ళు ఎప్పుడూ తెరిచే ఉంటాయి గదా, నీకు తెలుసు. వీళ్ళలో కూడా శానామందికి తెలుసు. చూసి కూడా నన్ను కొండెక్కనిచ్చిన ఈ మందను దీవించు."

నా పక్కన టీచరమ్మ ముక్కు చీదింది. అంటే ఆ ఓడలు అంత ఆలస్యంగా రేవుకు వచ్చింది ఊరికే కాదన్నమాట.

ప్రార్థన సాగుతుండగా నా అరచేతిలోకి నున్నటిదేదో వచ్చి చేరింది. ఆమెన్ అయ్యాక చూస్తే కర్ర. అన్న చేయి అప్పటికే ముందుకు చాచి ఉంది, ఖాళీగా.

"నాయనా, కూర్చున్నావంటే నాకు గదా ఇయ్యాల్సింది!"

"అది ఓడిపోతే. నేను గెలిచినాను. గెలిచినోడు తన ఇష్టమొచ్చినోళ్ళకు ఇచ్చుకుంటాడు," అన్నాడు నాయన. అని, అంతమంది చూస్తుండగా, పట్టపగలు, బండ మీద హాయిగా కూర్చున్నాడు.

దిగేటప్పుడు ముందు నేనే నడిచాను. ఎక్కడం కన్నా దిగడమే కష్టమని అంతవరకూ నాకు తెలియదు. సగంలోనే పిక్కలు పట్టేశాయి. వెనక్కి చూస్తే అందరూ నా కర్ర వంకే చూస్తున్నారు. పక్కనే ఒక మంచి రాయి ఉంది. కర్ర తాటించాను.

"ప్రార్థన చేసుకుందాం. టీచరమ్మా, నువ్వు చెయ్యి తల్లీ."

వెనక నుంచి నాయన నవ్వు ఒకటి గట్టిగా వినబడి ఆగింది.

ఇక్కడిదాకా నాతో నడిచిన మీరు కూడా ఒక్క నిమిషం ఆగండి. కళ్ళు మూసుకుని, అరిగిన మోకాళ్ళ కోసం, వాటికి నూనె రాసే చేతుల కోసం, వచ్చే ఏడు కూడా మా నాయన ఆ కొండ ఎక్కేటట్టు నాతో కలిసి ప్రభువును అడగండి. కాళ్ళు నొప్పిగా ఉంటే కూర్చునే అడగండి. మేమెవరమూ చూడం.