నిలబడ్డ అధ్యక్షురాలు

ఆసిఫాబాద్ బడిలో ముప్పై రెండేళ్లు పిల్లలతో డ్రిల్లు చేయించి రిటైరైన జానకీబాయికి కూర్చోవడం రాదు. చాయ్ నిలబడే తాగుతుంది, పేపరు నడుస్తూ చదువుతుంది, మాటల మధ్యలో ఎదుటివాళ్ల వంగిన భుజాలు పట్టి సరిచేస్తుంది. ఊళ్లోని పెద్దల క్లబ్బులో ఆమెను చేర్చుకున్న రోజు అధ్యక్షుడు శ్యాంసుందర్‌రావు శాలువా ఇచ్చి స్వాగతోపన్యాసం మొదలుపెట్టాడు. అది సగంలో ఉండగానే ఆమె కిటికీలన్నీ తెరిచింది, కుర్చీల వరుస సరిచేసింది, కునుకు తీస్తున్న సభ్యుడు సంతోష్‌రావును వీపు తట్టి లేపింది. "మేడమ్, జర కూసోండి. మిమ్ముల చూస్తెనే మాకు ఆయాసమొస్తుంది" అన్నాడు శ్యాంసుందర్‌రావు. ఆమె వినలేదు. సమావేశం ముగిసేదాకా అధ్యక్షులు కుర్చీలోంచి లేవకూడదని ఆ క్లబ్బులో ఒక నియమం ఉంది. అలాగైనా కూర్చుంటుందేమోనని, ఆయన తన తొమ్మిదేళ్ల పదవిని అక్కడికక్కడే ఆమెకు అప్పగించాడు. అందరూ హాయిగా చప్పట్లు కొట్టారు. జానకీబాయి కళ్లు తడయ్యాయి. "రిటైరైనంక నన్నెవ్వరు పనికి పిలువలే" అంటూ ఆమె అధ్యక్షుల కుర్చీని మడిచి గోడకు ఆనించింది. అధ్యక్షురాలు నిలబడి ఉండగా కూర్చోవడం మర్యాద కాదు కనుక, పద్నాలుగు మంది పెద్దలూ ఒకరి తర్వాత ఒకరు మోకాళ్లు పట్టుకుని లేచారు.