నాన్న పేరు మీద తెచ్చిన సిగరెట్లు

నా చిన్నప్పుడు మా నాన్న ఒంటరిగా ఉంటే రోజుకి రెండు సిగరెట్లతో సరిపెట్టుకునేవారు. ఆదివారం ఆఫీసు స్నేహితులు మా ఢిల్లీ క్వార్టర్స్‌కి వస్తే మాత్రం పెట్టె ఖాళీ అయ్యేది. ఎదుటివాళ్లు పెట్టె చాపితే వద్దనడం మర్యాద కాదట! అమ్మ సణుక్కుంటూ కిటికీలు తెరిచేది.

పక్కింటి ఆంటీ మాత్రం తలుపు గడియ పెట్టుకుని కాల్చేది. మా విజయనగరం వైపు మనిషే. భర్త మిలిటరీలో, ఎక్కడో సరిహద్దులో ఉండేవారు. ఆయన సెలవుకి వచ్చి మరిచిపోయి వెళ్లిన పెట్టెతో అలవాటైందని ఆవిడే నాతో చెప్పింది. ఉత్తరం వచ్చిన రోజు ఒకటితో ఆగేది. రాని రోజు ఎన్నో నాకే తెలుసు, ఎందుకంటే తెచ్చిచ్చేది నేనే. ఆడమనిషి పాన్ దుకాణంలో సిగరెట్లు అడిగితే క్వార్టర్స్ అంతా గుప్పుమంటుంది కదా.

"మీ నాన్నకని చెప్పవే. అమ్మకి తెలియనీకు, నా తల్లి కదూ" అని బతిమాలేది. నేనూ ఏదో ఘనకార్యం చేస్తున్నట్టు గౌను జేబులో దాచి తెచ్చేదాన్ని.

ఒక సాయంత్రం ఆ దుకాణం భయ్యా, సాబ్ ఈమధ్య బాగా పెంచేశారని అమ్మతో అనేశాడు. అమ్మ అగ్గి మీద గుగ్గిలమైంది. "ఆడపిల్లని పాన్ షాపుకి పంపిస్తారా? సిగ్గనిపించట్లేదూ?" అని నాన్న మీద విరుచుకుపడింది. నాన్న నా మొహం చూశారు. నేను పక్కింటి గోడ వైపు చూశాను. ఆయనకి అర్థమైపోయింది.

"నేనే పంపాన్లే. ఇంక పంపను" అన్నారు.

తర్వాత నన్ను పక్కకి పిలిచి, ఆవిడ సంగతి ఎక్కడా అనొద్దన్నారు. తనే మానలేనివాడు ఏ మొహం పెట్టుకుని ఆవిడకి చెప్పాలని అడిగారు. నన్నేం అడుగుతారు, నాకు తొమ్మిదేళ్లు.

నేను తేవడం మానేసినా ఆవిడ కాల్చడం ఆగలేదు. ఎవరు తెచ్చేవారో తెలియదు. ఆ చలికాలం ఆంటీకి దగ్గు పట్టుకుంది. అమ్మ డిస్పెన్సరీకి తీసుకెళ్తే నేనూ వెంట వెళ్లాను. మా నాన్న దగ్గుతూ వెళ్తే ఆ డాక్టరు మొదట అడిగేది రోజుకెన్ని అనే. ఆంటీని మాత్రం ఏ పొయ్యి మీద వండుతున్నావని అడిగాడు. దుమ్ము పడదంది ఆవిడ. నా చెయ్యి గట్టిగా నొక్కింది. నేను నోరు విప్పలేదు.

తిట్టేవాళ్లు తిట్టగా తిట్టగా నాన్న తగ్గించారు, చాలా ఏళ్లు బతికారు. ఆంటీ రోగం బయటపడేసరికి పెద్దాసుపత్రి వాళ్లు చేసేదేమీ లేకపోయింది.

ఒకరి పరువు కాపాడటానికి నింద తన మీద వేసుకోవడం నాన్న నేర్పారు. ఆ మంచితనం నాకు ఇప్పటికీ గొప్పే. అది ఆంటీని బతికించలేదన్నదీ నిజమే. ఇప్పుడు ఢిల్లీ పక్కనే ఇందిరాపురంలో మా అపార్ట్‌మెంటు మెట్ల మీద ఉద్యోగం చేసే ఒక అమ్మాయి నన్ను చూడగానే సిగరెట్టు వెనక్కి దాచుకుంటుంది. నా దగ్గర దాచకమ్మా, రోజుకెన్ని అని అడగాలనుకుంటాను. "నమస్తే ఆంటీ" అంటుంది. "నమస్తే బేటా" అని దిగి వచ్చేస్తాను.